వేటాడే చేపల ఉప్పునీటి అక్వేరియంలో సముద్రపు నాచు పెంచడం ఎలా?

లయన్ ఫిష్, గ్రూపర్, ఈల్ లాంటి మాంసాహార చేపలు పెంచేవాళ్లకు అసలు టెన్షన్ నైట్రేటు. రోజూ వేసే రొయ్య ముక్కలు, చేప ముక్కలు చివరికి నైట్రేటుగా, ఫాస్ఫేటుగా మారి నీళ్లలోనే పేరుకుంటాయి. నీళ్లు మారుద్దామంటే ప్రతిసారీ మెరైన్ సాల్ట్ (అక్వేరియం కోసం అమ్మే సముద్రపు ఉప్పు) ఖర్చు. సముద్రపు నాచు ఆ రెండింటినీ పీల్చుకుని పెరుగుతుంది. పెరిగినదాన్ని కోసి పారేస్తే ఆ మురికి ట్యాంకులోంచి బయటికి పోయినట్టే.

కొత్తవాళ్లు కీటోమార్ఫా అనే నాచుతో మొదలుపెట్టడం మేలు. చిక్కుపడిన పచ్చ నైలాన్ దారంలా ఉంటుంది, దేనికీ అంటుకోదు. కాలెర్పా అనే ఇంకో నాచు చూడ్డానికి ముద్దుగా ఉంటుంది కానీ, ఒక్కోసారి రాత్రికి రాత్రే బీజకణాలు వదిలి తెల్లబడి కూలిపోతుంది. నీళ్లు పాలలా మారి ఆక్సిజన్ తగ్గుతుంది. ఖరీదైన చేపలున్న ట్యాంకులో ఆ రిస్కు ఎందుకు?

చేపలున్న ట్యాంకులోనే నాచు వేయొద్దు. లయన్ ఫిష్ దాని జోలికి పోదు గానీ, ట్రిగ్గర్ ఫిష్ ఉంటే పీకి పెడుతుంది. ఫాక్స్‌ఫేస్ చేప అయితే తినేస్తుంది. ట్యాంకు కింద ఇంకో తొట్టి పెట్టి, పైనుంచి నీళ్లు దాంట్లోకి దిగి పంపుతో మళ్లీ పైకెళ్లేలా చేయండి. నాచు ముక్కలు పంపులోకి పోకుండా మధ్యలో జాలీ ఉండాలి.

ఇక నీళ్లు. తిరుపతి, చిత్తూరు బోరు నీళ్లు దీనికి పనికిరావు, కుళాయి నీళ్లూ అంతే. ఇంట్లో తాగే ఆర్వో మిషన్ రుచి కోసం కొంత టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) ఉంచుతుంది, క్యాన్ నీళ్లదీ అదే కథ. ఆర్వో తర్వాత, మిగిలిన లవణాలను కూడా తీసేసే డీఐ ఫిల్టర్ తగిలించి, టీడీఎస్ మీటర్‌లో సున్నా దగ్గరికి వచ్చాకే వాడండి. లీటరుకు సుమారు 35 గ్రాముల మెరైన్ సాల్ట్ వేరే బకెట్లో కలిపి, సాంద్రత 1.025 వచ్చిందో లేదో చూసుకుని పోయాలి. వంటింటి కల్లుప్పుతో పని జరగదు.

పిడికెడు నాచు తెచ్చి, ముందు ఉప్పునీళ్లలోనే జాడించండి. దారాల మధ్య ఎనిమోన్లనే గోధుమరంగు చిన్న సముద్ర జీవులు దాక్కుని వస్తాయి, ఒక్కటి లోపలికి పోయినా తర్వాత వదిలించుకోవడం కష్టం. తొట్టిలో నాచు మెల్లగా పొర్లుతూ ఉండేంత ప్రవాహం చాలు.

నాచు తొట్టికి లైటు రాత్రిపూట వేయండి. 6500 కెల్విన్ తెల్ల ఎల్ఈడీ చాలు, రాత్రి పది నుంచి పొద్దున ఎనిమిది దాకా. చీకట్లో ట్యాంకులో కార్బన్ డయాక్సైడ్ పెరిగి పీహెచ్ పడిపోతుంది, వెలుగులో ఉన్న నాచు దాన్ని వాడుకుని ఆ పతనాన్ని ఆపుతుంది. మన ఎండాకాలంలో ఇంకో లాభం, లైటు వేడి మధ్యాహ్నపు వేడికి తోడవదు.

ఏప్రిల్, మే నెలల్లో బయట 40 డిగ్రీలు దాటినా నీళ్లు 25 నుంచి 27 మధ్యే ఉండాలి. నీళ్లను చల్లబరిచే చిల్లర్ కొనలేకపోతే నీటి మీదికి ఫ్యాన్లు పెట్టండి. ఫ్యాన్ గాలికి నీళ్లు త్వరగా ఆవిరవుతాయి, ఉప్పు మాత్రం అక్కడే ఉంటుంది. కాబట్టి కింది తొట్టి గాజు మీద మార్కర్‌తో గీత గీసి, తగ్గినంత ఉప్పు కలపని డీఐ నీళ్లే పోయాలి. ఇక్కడ ఉప్పునీళ్లు పోస్తే వారంలోనే ఉప్పు శాతం ఎక్కడికో పోతుంది.

తొట్టి నిండాక మూడో వంతు తీసేయండి. ముద్దుగా పెరిగిందని ఉంచుకుంటే లోపలి దారాలకు వెలుగందక కుళ్లి, పీల్చుకున్నదంతా మళ్లీ నీళ్లలో కలిపేస్తాయి. తీసినది కడిగి ఎండబెట్టి కంపోస్టులో వేసుకోవచ్చు. సముద్రంలో మాత్రం వదలొద్దు: 1984లో మొనాకో తీరంలో కనిపించిన కాలెర్పా టాక్సిఫోలియా మధ్యధరా తీరాల్లో చాలా దూరం పాకిపోయింది.

చేపకు జబ్బు చేస్తే రాగి మందు ఈ ట్యాంకులో వేయకండి, నాచు చస్తుంది. చేపను వేరే తొట్టిలోకి మార్చి వైద్యం చేయండి. మార్చేటప్పుడు లయన్ ఫిష్ వెన్ను ముళ్లు జాగ్రత్త, వాటిలో విషం ఉంటుంది. గుచ్చుకుంటే చర్మం కాలనంత వేడినీళ్లలో చెయ్యి ముంచి, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

వారానికోసారి నైట్రేటు, ఫాస్ఫేటు రెండూ టెస్ట్ చేయండి. నాచు పాలిపోతూ తెగిపోతుంటే చాలాసార్లు వాటిలో ఒకటి సున్నాకు వచ్చి ఉంటుంది. అప్పుడు లైటు పెంచినా లాభం లేదు, గంటలు తగ్గించి చూడండి.