అమావాస్యకి దులపండి, పాడ్యమికి కార్డు తీయండి

టారో, అంటే బొమ్మల కార్డులు తీసి అర్థం చూసుకునే పద్ధతి, దాని గురించి చెప్పేవాళ్లలో చాలామంది న్యూ మూన్ రోజున కొత్త సంకల్పం పెట్టుకోమంటారు. న్యూ మూన్ అంటే మన అమావాస్యే, ఆ రోజు కొత్త పని మొదలుపెడతానంటే మా అమ్మ ఊరుకోదు, మీ ఇంట్లోనూ అంతేనేమో. గొడవెందుకని నేను రెండుగా విడగొట్టుకున్నాను: అమావాస్య సాయంత్రం వదిలించుకోవడం, మర్నాడు పాడ్యమికి మొదలుపెట్టడం. ఉగాది వచ్చేది కూడా చైత్ర శుద్ధ పాడ్యమికే కదా, బూజులు దులపడం అంతా అంతకుముందే అయిపోతుంది.

ఒక మాట ముందే చెప్పేస్తా, ఈ కార్డులు జరగబోయేది చెబుతాయని నేను నమ్మను. 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో ఆడుకోవడానికి పుట్టిన పేకముక్కలివి, జోస్యానికి బాగా వాడటం 18వ శతాబ్దం చివర్లో ఫ్రాన్స్‌లో మొదలైంది. బొమ్మ చూస్తే మనసులో నానుతున్నది బయటికొస్తుంది, నాకు అంతవరకు చాలు. దోషం ఉంది, డబ్బు కడితే తీసేస్తా అనేవాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లకండి.

డెక్ (కార్డుల కట్ట) కొత్తగా కొనేవాళ్లు 1909లో లండన్‌లో వచ్చిన, పమేలా కోల్‌మన్ స్మిత్ బొమ్మలు వేసిన రైడర్ వెయిట్ డెక్ తీసుకోండి. 78 కార్డుల్లోనూ బొమ్మలుంటాయి కాబట్టి పుస్తకం లేకపోయినా చూసి ఏదో ఒకటి అనిపిస్తుంది.

అమావాస్య రోజు ఇల్లంతా నెత్తిన పెట్టుకోకండి. ఒక్క చోటు చాలు, టేబులో, బీరువాలో ఒక అరో. (ఒకసారి నేను అన్ని గదులూ మొదలుపెడితే రాత్రి పదకొండుకి మంచం మీద బట్టల గుట్ట, దాని కింద ఎక్కడో డెక్.) తుడిచి, కిటికీ తెరిచి సాంబ్రాణి వేయండి, పొగ వేయడానికి విదేశీ ఆకుల కట్టలు ఆర్డర్ చేయక్కర్లేదు. తర్వాత కార్డులన్నీ, ముందు అంకె, పేరు రెండూ ఉన్నవి సున్నా నుంచి 21 దాకా, ఆపైన నాలుగు రంగులూ (వాండ్స్ అంటే కర్రలు, కప్స్ అంటే గిన్నెలు, స్వోర్డ్స్ అంటే కత్తులు, పెంటకిల్స్ అంటే నాణేలు) ఏస్ నుంచి కింగ్ దాకా వరసగా పేర్చండి. డెక్‌ని శుద్ధి చేయడమంటే నాకు ఇదే, ఏదైనా కార్డు పోయి ఉంటే కూడా తెలిసిపోతుంది. ఇప్పుడు బాగా కలిపి, బోర్లా పరిచి, ఒకటే ప్రశ్న: అక్కర్లేకపోయినా నేను దేన్ని పట్టుకుని కూర్చున్నాను?

అద్దె ఇల్లు మారినప్పుడు నాకు ఫోర్ ఆఫ్ పెంటకిల్స్ వచ్చింది. ఒక నాణెం గుండెకి హత్తుకుని, ఒకటి నెత్తిన, రెండు పాదాల కింద పెట్టుకుని కదలకుండా కూర్చున్న మనిషి. పాత ఛార్జర్ల డబ్బా గుర్తొచ్చింది, దాంతోపాటు పెయింటింగ్ పేరు చెప్పి పాత ఓనర్ అడ్వాన్సులో కోసుకున్న డబ్బు కూడా. డబ్బా ఆ రాత్రే బయటికి పోయింది, కోపానికి ఇంకో రెండు అమావాస్యలు పట్టింది. డెత్ కార్డు వచ్చిందని టెన్షన్ పడి ఇంకోటి తీయకండి, ఈ డెక్‌లో దాని వెనకాల రెండు బురుజుల మధ్య సూర్యుడు కూడా ఉంటాడు చూడండి. ఏది వచ్చినా ఒక లైను రాసి, ఒక్క వస్తువైనా ఆ రాత్రే ఇంట్లోంచి పంపేయాలి, అది లేకపోతే మిగతాదంతా కాలక్షేపమే.

పాడ్యమి పొద్దున సంకల్పం. పూజలో పంతులుగారు సంకల్పం చెప్పించేటప్పుడు ఎక్కడ, ఏ తిథి, ఎవరు, దేనికోసం అన్నీ చెప్పిస్తారు కదా, మీదీ అంత కచ్చితంగా ఉండాలి. "ఆరోగ్యంగా ఉంటాను" పనికిరాదు. "పౌర్ణమి దాకా రోజూ రాత్రి పదిన్నరకి ఫోన్ హాల్లో పెట్టి పడుకుంటాను", ఇదీ సంకల్పం. ఈసారి కార్డు బోర్లా తీయకుండా ఏస్‌లలో ఒకదాన్ని చూసి ఎంచుకోండి. నాలుగు ఏస్‌లలోనూ మబ్బులోంచి ఒక చెయ్యి ఏదో అందిస్తూ ఉంటుంది. పనికి వాండ్స్, బంధాలకి కప్స్, చదువుకీ మాటకీ స్వోర్డ్స్, డబ్బుకీ ఒంటికీ పెంటకిల్స్. అడ్డం ఏమొస్తుందో ఆలోచించడానికి ఇంకో కార్డు బోర్లా తీసుకోండి, ఆ అడ్డానికి ఏం చేస్తారో కింద రాయండి.

ఏస్‌ని బీరువా తలుపుకి లోపలివైపు అంటిస్తాను నేను, దేవుడి గదిలో పెడితే ఇంట్లో పెద్దవాళ్లకి సమాధానం చెప్పుకోవాలి. పౌర్ణమికి తీసి చూడండి. జరిగితే కార్డు డెక్‌లోకి, జరగకపోతే సంకల్పాన్ని సగానికి కోసి మళ్లీ తలుపుకే.