రెయిడ్ మధ్యలో ల్యాగ్: సర్వర్‌ను తిట్టే ముందు చూడవలసినవి

“వలయంలోంచి బయటికి వచ్చేశాను, అయినా చచ్చిపోయాను.” ఆన్‌లైన్ ఆటల్లో చాలామంది కలిసి ఒక పెద్ద శత్రువును (బాస్‌ను) ఎదుర్కొనే పోరును రెయిడ్ అంటారు, ఆ బాస్ దెబ్బ పడబోయే చోటును నేల మీద చూపేది వలయం. ఈ మాట వినపడని రెయిడ్ రాత్రి అరుదు. దాని వెనకే రెండో మాట వస్తుంది: “హైదరాబాద్ నుంచి ఆడితే ఇంతే, సర్వర్ యూరప్‌లో ఉంది కదా.” ఇరవై మంది నిద్ర మానుకుని ఒక బాస్‌తో పోరాడుతుంటే, జట్టు గాయాలు మాన్పే హీలర్ రెండు సెకన్లు కొయ్యబారిపోయినా అందరి శ్రమా వృథా అవుతుంది. కాబట్టి కారణం వెతక్కుండా దూరం మీదికి నెట్టేయడం నాకు నచ్చదు. ల్యాగ్ (ఆట ఆలస్యంగా స్పందించడం) రెండు రకాలు: దూరం వల్ల వచ్చే ఆలస్యం వేరు, మధ్యలో వచ్చే కుదుపు వేరు. మొదటిదానికి మందు లేదు. రెండోదానికి మందు చాలాసార్లు మన ఇంట్లోనే ఉంటుంది.

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌ను యూరప్ సర్వర్‌లో ఆడేవాళ్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. మిగతా ఆటలకూ చాలావరకు వర్తిస్తుంది.

పింగ్ ఎప్పుడూ 130–160 దగ్గరే ఉంటుంది, కుదుపు లేదు

పింగ్ అంటే మన డేటా సర్వర్‌కు పోయి రావడానికి పట్టే మిల్లీసెకన్లు. అది నిలకడగా ఇంత ఉంటే సమస్య కాదు. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు గీత గీసినా దాదాపు 7,000 కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు వెళుతుంది. అంటే పోయి రావడానికే 70 మిల్లీసెకన్లు. పైగా మన డేటా ముందు ముంబైకో చెన్నైకో చేరాలి, అక్కడి నుంచి సముద్రం అడుగున చుట్టు తిరిగి పోవాలి. ఈ అంకె నిలకడగా ఉంటే చేతులు దానికి అలవాటు పడతాయి. దాన్ని తగ్గిస్తామంటూ డబ్బు అడిగే సాఫ్ట్‌వేర్ల జోలికి పోకండి.

బొమ్మ ఆగి ఆగి కదులుతోంది

ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. కంట్రోల్, ఆర్ కలిపి నొక్కండి, ఎఫ్‌పీఎస్ (కంప్యూటర్ సెకనుకు ఎన్ని బొమ్మలు గీస్తోందో చెప్పే అంకె) తెర మీద కనిపిస్తుంది. బాస్ పోరులో అది 60 నుంచి 15కు పడిపోతుంటే నెట్‌తో సంబంధం లేదు, కంప్యూటరే అలిసిపోతోంది. ఆటలో రెయిడ్‌ల కోసం విడిగా గ్రాఫిక్స్ అమరిక ఉంది, దాన్ని తగ్గించండి. ఆడాన్లను (ఆటకు అదనంగా జతచేసిన చిన్న ప్రోగ్రాములను) సగం ఆపి చూడండి, తర్వాత మిగతా సగం. మే నెలలో ల్యాప్‌టాప్ మీద ఆడేవాళ్లు ముందు వేడిని అనుమానించాలి. బయట 40 డిగ్రీలు దాటినప్పుడు మూసిన గదిలో, పరుపు మీద పెట్టిన ల్యాప్‌టాప్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. గట్టి బల్ల మీద పెట్టి, ఫ్యాను గాలి తగిలేలా చూడండి.

బొమ్మ సాఫీగానే ఉంది, కానీ స్పెల్ (మంత్రం) పడదు; తర్వాత అన్నీ ఒకేసారి పడతాయి

ఇది అసలైన నెట్ ల్యాగ్. ఆటలో మెనూ బటన్ మీద మౌస్ పెడితే హోమ్, వరల్డ్ అని ఆలస్యాన్ని చూపే రెండు అంకెలు కనిపిస్తాయి. వాటిని చూసి “150 ఉంది, బాగానే ఉంది” అనుకోకండి. అవి అరనిమిషానికి ఒకసారే మారతాయి. రెండు సెకన్ల కుదుపు వచ్చి మిమ్మల్ని చంపి వెళ్లిపోయినా అక్కడ దాని జాడ కనిపించకపోవచ్చు.

దయచేసి ఈ పరీక్ష చేయండి. ఎంతమందికి చెప్పినా దాటేసేది ఇదే. కమాండ్ ప్రాంప్ట్ కిటికీలు రెండు తెరవండి. ఒకదానిలో మీ రూటర్ చిరునామాకు, ఇంకోదానిలో 8.8.8.8కు (ఇంటి బయట ఉన్న గూగుల్ సర్వర్ చిరునామా) ఆగకుండా పింగ్ పెట్టండి. చిరునామాకు ముందు మైనస్ గుర్తు, టీ అక్షరం చేరిస్తే అది ఆగకుండా నడుస్తుంది. రూటర్ చిరునామా చాలా ఇళ్లలో 192.168.1.1 లేదా 192.168.0.1. రెండింటినీ అలాగే వదిలేసి రెయిడ్‌కు వెళ్లండి. చనిపోయిన క్షణంలో ఏ కిటికీలో అంకెలు ఎగిశాయో చూడండి.

8.8.8.8 పింగ్ ఒక్కటే ఎగిస్తే తర్వాతి భాగం చూడండి. రూటర్ పింగే ఎగిస్తే తప్పు వైఫైది. కూకట్‌పల్లిలోనో మియాపూర్‌లోనో అపార్ట్‌మెంట్‌లో ఉంటే చుట్టుపక్కల ఫ్లాట్ల రూటర్లన్నీ మీ గదిలోకి వినిపిస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిమీద ఒకటి పడకుండా ఉండే ఛానెళ్లు మూడే: 1, 6, 11. ఛానెల్ మార్చి, రూటర్‌ను జరిపి, యాంటెన్నాలు తిప్పి రాత్రులు పాడుచేసుకోకండి. ల్యాన్ కేబుల్ వేయండి. మామూలు క్యాట్ 5ఈ తీగ 100 మీటర్ల వరకు పనిచేస్తుంది, మీ హాలు అంతకంటే పెద్దది కాదు. గోడ వెంట తీగ బాగుండదని ఇంట్లో అంటే క్లిప్పులు కొట్టించండి.

కేబుల్ వేశాను, పగలు బాగుంది, రెయిడ్ సమయానికే పాడవుతుంది

నన్ను చాలాకాలం ఏడిపించినది ఇదే. లక్షణం వినగానే అందరూ “రాత్రిపూట కంపెనీ లైను మీద రద్దీ” అంటారు. కానీ గడియారం చూడండి. యూరప్ మధ్య ప్రాంత సమయం ప్రకారం రాత్రి 8 గంటలకు మొదలయ్యే రెయిడ్ మనకు ఎండాకాలంలో 11:30కు, చలికాలంలో 12:30కు మొదలవుతుంది. ఆ వేళకు ఊళ్లో సినిమాలు చూసేవాళ్లు తగ్గుతూ ఉంటారు, రద్దీ పెరగదు. మరి మీ ఇంట్లో ఆ వేళకు ఏం జరుగుతుంది? అందరూ ఫోన్లను ఛార్జింగ్‌లో పెట్టి పడుకుంటారు.

ఫోను ఎదురుచూసేది సరిగ్గా దానికే. ఐఫోన్ తనంతట తాను ఐక్లౌడ్ బ్యాకప్ మొదలుపెట్టాలంటే ఛార్జర్ ఉండాలి, మామూలుగా వైఫై ఉండాలి, తెర లాక్ అయి ఉండాలి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు కూడా బరువైన పనులను అలాంటి వేళకే దాచుకుంటాయి. “అందరూ పడుకున్నారు, నెట్ ఎవరూ వాడటం లేదు” అని మీరు అనుకునే గంటే ఇంట్లో అప్‌లోడ్ ఎక్కువగా జరిగే గంట.

లెక్క చూడండి. 4కే వీడియో ఐఫోన్‌లో సెకనుకు 30 ఫ్రేములతో నిమిషానికి సుమారు 170 ఎంబీ. పిన్నిగారి అమ్మాయి పెళ్లిలో తీసిన పది నిమిషాల వీడియో అంటే 1.7 జీబీ. అప్‌లోడ్ వేగం 20 ఎంబీపీఎస్ అయితే అది పైకి వెళ్లడానికి పదకొండు నిమిషాలకు పైనే పడుతుంది. ఒక బాస్ పోరు ఆరేడు నిమిషాలు. మొత్తం పోరు దాని కిందే నలిగిపోతుంది.

“నాది పెద్ద ప్లాన్, స్పీడ్ టెస్ట్ బాగా వస్తోంది” అంటారు. ఆటకు కావలసింది వేగం కాదు, సెకనుకు కొద్ది కిలోబైట్లు చాలు. ఆ కొద్ది కిలోబైట్లు వెంటనే బయటపడాలి. అప్‌లోడ్ నిండినప్పుడు రూటర్‌లోనో ఫైబర్ పెట్టెలోనో డేటా వరుస కడుతుంది. 20 ఎంబీపీఎస్ లైను ముందు ఒక మెగాబైటు వరుస నిలిచిందంటే, కొత్తగా వచ్చిన ప్రతి ప్యాకెట్టూ 400 మిల్లీసెకన్లు ఆగాలి. ఇరుకు గల్లీలో బరాత్ వెనక చిక్కుకున్న స్కూటరు పరిస్థితే మీ హీల్ స్పెల్‌ది. దీన్ని బఫర్‌బ్లోట్ అంటారు. 2010లో జిమ్ గెటీస్ పెట్టిన పేరు.

నిర్ధారణ సులభం. రెండు పింగ్‌లు నడుస్తుండగా మీ ఫోను నుంచి పెద్ద వీడియో ఒకటి క్లౌడ్‌కు పంపండి. 8.8.8.8 పింగ్ రెండంకెల నుంచి మూడు, నాలుగు వందలకు ఎగిసి, పంపడం ఆపగానే దిగివస్తే దొంగ దొరికినట్టే. పడుకున్నవాళ్లను లేపి ఫోన్లు చూస్తే మాత్రం ఏమీ తెలియదు, బ్యాకప్ జరుగుతున్నట్టు తెర మీద పెద్దగా కనిపించదు. రూటర్ పేజీలో ఏ పరికరం ఎంత పంపుతోందో చూడండి, లేదా వైఫై ఒక్క నిమిషం ఆపి, కేబుల్ మీద పింగ్ దిగుతుందేమో గమనించండి.

మీ సొంత కంప్యూటర్‌ను కూడా వదలకండి. పోరును రికార్డు చేసే సాఫ్ట్‌వేర్ క్లిప్పును దాచే ఫోల్డర్, క్లౌడ్‌కు జతచేసిన ఫోల్డర్ ఒకటే అయితే, ప్రతి వైప్ (జట్టంతా చావడం) తర్వాత ఆ క్లిప్ పైకి వెళ్లడం మొదలవుతుంది. సరిగ్గా తర్వాతి పుల్ (బాస్‌తో కొత్త ప్రయత్నం) సమయానికి. మొదటి ప్రయత్నం బాగుండి, రెండో ప్రయత్నం నుంచి పాడవుతోందంటే ముందు ఇది చూడండి. మోషన్ కనిపిస్తే వీడియో పంపే సీసీ కెమెరాలు ఒంటరిగా ఇంత చేయవు కానీ, ఉన్న వరుసను పెంచుతాయి.

ఈ రాత్రికే పనిచేసే పరిష్కారం: రెయిడ్ గంటల్లో ఫోన్ల బ్యాకప్ ఆపించండి. అమ్మ ఫోనులో, నాన్నగారి ఫోనులో ఆపేస్తే మళ్లీ పెట్టడం మరిచిపోకండి. ఆ ఫొటోలు పోతే తిరిగిరావు. బ్యాకప్‌ను సాయంత్రానికి మార్చడం మంచిది: టిఫిన్ల వేళ ఓ గంట ఛార్జింగ్‌లో పెట్టమంటే అప్పుడే అయిపోవచ్చు.

శాశ్వత పరిష్కారం రూటర్‌లో ఎస్‌క్యూఎం, అంటే డేటా వరుసను తెలివిగా నడిపే అమరిక. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రూటర్లకు ఉచిత సాఫ్ట్‌వేర్) నడిచే రూటర్ తీసుకుని, అందులో కేక్ లేదా ఎఫ్‌క్యూ కోడెల్ అనే పద్ధతి ఎంచుకుని, అప్‌లోడ్ పరిమితిని మీరు కొలిచిన వేగంలో 90 శాతం దగ్గర పెట్టండి. ఆ పది శాతం ఎందుకు వదులుకోవాలని అడుగుతారు. వరుస ఫైబర్ పెట్టెలో కాకుండా మీ రూటర్‌లో కట్టాలి. అప్పుడే రూటర్ మీ చిన్న ప్యాకెట్లను ముందుకు పంపగలదు. పరిమితి పెట్టకుండా “గేమింగ్ మోడ్” బటన్ ఒక్కటి నొక్కితే చాలాసార్లు ఏమీ మారకపోవడానికి కారణం ఇదే. అమర్చాక పై పరీక్షే మళ్లీ చేయండి. వీడియో వెళుతున్నా పింగ్ కొద్దిగా మాత్రమే పెరగాలి. ఇంకా ఎగిస్తుంటే పరిమితిని 85కు దించండి.

మిగతావి

ఫైనల్ ఫాంటసీ 14 అనే ఆటలో నేల మీది ప్రమాద గుర్తు మాయమైన తర్వాత వలయంలోకి అడుగుపెట్టినా బతుకుతారు, పేలుడు కనిపించేలోపు బయటికి వచ్చినా చస్తారు. అది ల్యాగ్ కాదు. దెబ్బ ఎవరికి తగలాలో గుర్తు మాయమయ్యే వేళకే సర్వర్ తేల్చేస్తుంది. పేలుడును కాదు, గుర్తును చూడండి.

వాన గాలికి కరెంటు రెప్పపాటు పోయి నెట్ తెగితే రూటర్‌కు చిన్న యూపీఎస్ పెట్టండి. ఫైబర్ పెట్టె విడిగా ఉంటే దానికీ పెట్టాలి, చాలామంది దాన్ని వదిలేస్తారు.

సముద్రంలో కేబుళ్లు తెగడం ఉంది. 2024 ఫిబ్రవరిలో, 2025 సెప్టెంబరులో ఎర్రసముద్రంలో తెగాయి. అప్పుడు పింగ్ రోజంతా ఎక్కువగా ఉంటుంది, రెయిడ్ వేళకు మాత్రమే పెరిగి తగ్గదు. వీపీఎన్‌తో వేరే దారి దొరుకుతుందేమో ఒకసారి చూడండి. దొరక్కపోతే రెయిడ్ లీడర్‌కు ముందే చెప్పి, ఆ రాత్రికి మీ స్థానంలో మరొకరిని తీసుకోమనండి.