మంచు దేశంలో పాత కారు కొన్నవారికి: తుప్పును ఇంటి దగ్గరే బాగుచేసుకోవడం

మంచు కురిసే దేశానికి కొత్తగా వచ్చి, పదేళ్లు దాటిన కారు కొనుక్కునేవారు సాధారణంగా ఇంజిన్ శబ్దం వింటారు, టైర్ల అరుగుదల చూస్తారు, కాని నేల మీద కూర్చుని తలుపుల కింది అంచులను పరిశీలించరు. చలికాలంలో రోడ్ల మీద మంచు గడ్డకట్టకుండా చల్లే ఉప్పు నీళ్లలో కలిసి, చక్రాల నుంచి ఎగజిమ్మి రేకు మడతల్లో చేరి, నెలల తరబడి అక్కడే ఉండిపోతుంది. తడిసిన కారును వెచ్చని గ్యారేజీలో పెడితే క్షేమమని చాలామంది అనుకుంటారు గాని, ఉప్పు కడగకుండా లోపల పెట్టిన కారు, గడ్డకట్టే చలిలో ఆరుబయట ఉన్న కారు కన్నా త్వరగా తుప్పు పడుతుంది.

పనికి దిగేముందు ఆ తుప్పు ఎక్కడ ఉందో తేల్చుకోవడం అన్నిటికన్నా ముఖ్యం. చక్రాల పైనుండే వంపు అంచు, తలుపు అడుగు, డిక్కీ మూత, రాళ్లు తగిలి రంగు లేచిన బానెట్ వంటి పైరేకు భాగాలను ఓపిక ఉన్నవారెవరైనా ఇంట్లో బాగుచేసుకోవచ్చు. తలుపుల కింద పొడవుగా సాగే పెట్టె వంటి భాగం, సస్పెన్షన్ బిగించే చోట్లు, సీటు బెల్టు బిగించిన చోట్లు, జాకీ ఆనించే చోట్లు మాత్రం ప్రమాదంలో మనల్ని కాపాడేవి. అక్కడ రేకు చిల్లులు పడితే వెల్డింగ్ తప్ప మరో దారి లేదు, లప్పం పెట్టి రంగు వేయడం అంటే ప్రాణాపాయాన్ని కప్పిపెట్టడమే. బ్రేకు గొట్టాల మీద తుప్పు కనిపించినా మెకానిక్‌కే చూపించాలి. బ్రిటన్‌లో ఏటా జరిగే ఎంఓటీ తనిఖీలోనూ, జర్మనీలో రెండేళ్లకోసారి జరిగే తనిఖీలోనూ ఈ భాగాలను బలహీనపరిచేంత తుప్పు ఉన్న కారు నెగ్గదు. కొనేటప్పుడే స్క్రూడ్రైవర్ పిడితో కింది భాగాలను తట్టి చూడాలి. గట్టి రేకు ఖణేల్మంటుంది, లోపల తినేసిన రేకు మొద్దుగా పలుకుతుంది. పాత కారు అడుగున కొత్తగా నల్లరంగు పూసి ఉంటే మరింత అనుమానించాలి.

అద్దె ఇంట్లో ఉండేవారు పార్కింగ్ స్థలంలో వాహనాల మరమ్మతుకు అనుమతి ఉందో లేదో ముందుగా ఒప్పందంలో చూసుకోవాలి, ఎందుకంటే చాలాచోట్ల అది నిషిద్ధం. గాలి, తేమ తక్కువగా ఉండి, ఉష్ణోగ్రత 15 నుంచి 25 డిగ్రీల మధ్య ఉండే రోజులను ఎంచుకుంటే రంగు సరిగా పట్టుకుంటుంది. కనుక ఈ పనిని వేసవిలోనే ముగించుకోవాలి.

రంగు కింద కనిపించే చిన్న బుడిపెను చూసి తుప్పు అంతమేరకే ఉందనుకోకూడదు. ఇనుము తుప్పుగా మారినప్పుడు ముందుకన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమించి రంగును పైకి నెడుతుంది, కాని ఆ పొర రంగు చాటున చుట్టూ పాకుతూ పోతుంది. బఠాణీ గింజంత బుడిపెను గీకడం మొదలుపెడితే అరచేయంత రేకు బయటపడటం మామూలే, దానికి బెదరనక్కరలేదు. ముందు సబ్బు నీళ్లతో కడిగి, ఆరాక జిడ్డు తుడిచి, 80 నంబరు గరుకు కాగితంతో మెరిసే లోహం కనబడేవరకు, గట్టిగా పట్టుకుని ఉన్న రంగు అంచు తగిలేవరకు రుద్దాలి. తర్వాత 180, 320 నంబర్లతో ఆ అంచును వేలికి మెట్టు తగలనంత నునుపుగా చేయాలి. గుంటల్లో నల్లటి చుక్కలు మిగిలితే ఫాస్ఫారిక్ ఆమ్లమో టానిక్ ఆమ్లమో ఉన్న తుప్పు మందు పూయవచ్చు; అది మిగిలిన తుప్పుతో కలిసి స్థిరమైన పొరగా మారుతుంది. అయితే పెచ్చులు కట్టిన తుప్పు మీద పూస్తే అది పైపొరతోనే ఆగిపోతుంది కాబట్టి, రుద్దే శ్రమను తగ్గించే మందుగా దాన్ని చూడకూడదు.

శుభ్రమైన లోహాన్ని రాత్రంతా అలా వదలకుండా అదే రోజు ఎపాక్సీ ప్రైమర్ (రంగుకు ముందు లోహం మీద వేసే అడుగు పూత) వేయాలి. గుంటలుంటే ఆ ప్రైమర్ ఆరాకే లప్పం పెట్టాలి, ఎందుకంటే లప్పం తేమను పీల్చుకుంటుంది. లప్పంలో గట్టిపరిచే మందు బరువులో నూటికి రెండు పాళ్లు చాలు. ఎక్కువైతే దాని మరక తర్వాత పైరంగులోకి ఊరుతుంది. రంగు సంఖ్య తలుపు చట్రం మీదో బానెట్ కిందో అతికించిన చీటీలో ఉంటుంది. స్ప్రే డబ్బాను సుమారు 25 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, ఒక పొరకూ మరో పొరకూ మధ్య డబ్బా మీద రాసినంత వ్యవధి ఇస్తూ పలుచగా వేసి, చివర పారదర్శక పూత వేయాలి. సాధారణ ప్రైమర్ నీటిని ఆపలేదు కనుక, ప్రైమర్ దశలో ఆపేసి చలికాలంలోకి వెళ్లకూడదు.

రుద్దేటప్పుడు కళ్లద్దాలు, దుమ్ము మాస్కు, రంగు వేసేటప్పుడు ఆవిరిని ఆపే ఫిల్టర్ మాస్కు తప్పనిసరి. రెండు మందులు కలిపి వేసే పారదర్శక పూతల్లో చాలావాటిలో ఐసోసయనేట్లు ఉంటాయి. అవి ఉబ్బసం తెప్పించగలవు, కాబట్టి వాటిని ఇంటి దగ్గర వాడవద్దని గట్టిగా చెబుతున్నాను. జాకీ మీద మాత్రమే నిలిపిన కారు కిందికి ఎన్నడూ దూరకూడదు. మిగిలిన థిన్నర్‌ను (రంగును పలుచన చేసే ద్రవాన్ని) వీధి కాలువలో పోయకుండా స్థానిక సంస్థ ప్రమాదకర చెత్త సేకరించే చోట అప్పగించాలి.

రంగు పూర్తిగా గట్టిపడ్డాక తలుపు లోపలి బోలు భాగాల్లో మైనపు ద్రవాన్ని పొడవాటి గొట్టంతో చిమ్మాలి. ముందుగా చిమ్మితే మైనం అంటిన చోట రంగు నిలవదు. తలుపు అడుగున నీరు కారిపోవడానికి ఉన్న చిన్న రంధ్రాలు మూసుకుపోకుండా తీగతో తెరిచి ఉంచాలి. చలికాలంలో ఉష్ణోగ్రత సున్నాకు పైన ఉన్న రోజు చూసి కారు అడుగు భాగాన్ని కడిగించాలి. ఇంత చేసినా మరుసటి ఏడు అదే చోట బుడిపె లేస్తే, తుప్పు రేకు లోపలి వైపు నుంచి వస్తోందని అర్థం; అప్పుడు మళ్లీ పైన రుద్దుతూ కాలం గడపకుండా, ఆ ముక్కను కోసి కొత్త రేకు వెల్డింగ్ చేసే పనివారికి అప్పగించాలి.