బ్లాక్ పౌడర్ రివాల్వర్ నేర్చుకునేవాళ్లకు జాగ్రత్తలు

అక్టోబరు వచ్చి ఎండలు కాస్త తగ్గాయంటే టెక్సస్‌లో ఔట్‌డోర్ రేంజ్‌లు మళ్లీ కళకళలాడతాయి. అక్కడ ఓ మూల బెంచీ మీద తెల్లటి పొగ మబ్బులా లేస్తూ, దీపావళి మర్నాడు వీధిలో ఉండే వాసన వస్తోందంటే ఎవరో బ్లాక్ పౌడర్ (నల్ల తుపాకీ మందు) వాడే పాతకాలపు రివాల్వర్ కాలుస్తున్నట్టే లెక్క. ఆ వాసన చూసి ముచ్చటపడి తామూ ఒకటి కొనుక్కోవాలనుకునే మనవాళ్లు అక్కడక్కడా తగులుతూనే ఉంటారు. ఈ జాగ్రత్తలు వాళ్ల కోసం.

అమెరికా అంతర్యుద్ధం నాటి కోల్ట్ 1851 నేవీ, కోల్ట్ 1860 ఆర్మీ, రెమింగ్టన్ న్యూ మోడల్ ఆర్మీ (అందరూ 1858 రెమింగ్టన్ అనేది దీన్నే) ఈ కోవకు చెందినవి. ఇప్పుడు దుకాణాల్లో దొరికేవి వాటి నకళ్లు. ఎక్కువగా ఇటలీలోని బ్రెషా ప్రాంతంలో పియెట్టా, ఉబెర్టీ కంపెనీలు తయారుచేస్తాయి. మామూలు పిస్టల్‌కీ దీనికీ ఉన్న తేడా ఒక్కటే, కానీ చాలా పెద్దది. పిస్టల్‌లో వేసే తూటాను ఫ్యాక్టరీ కొలిచి, మూసి, పరీక్షించి పంపిస్తుంది. ఇందులో మందు పోయడం, గుండు దట్టించడం, క్యాప్ (సుత్తి దెబ్బకు నిప్పు రాజేసే చిన్న టోపీ) పెట్టడం అన్నీ మీరే చేయాలి. అంటే ఆ ఫ్యాక్టరీ మీరే. అందుకే పిస్టల్ బాగా కాల్చగలిగేవాళ్లకే ఇక్కడ ఎక్కువ జాగ్రత్త అవసరం అంటాను. ట్రిగ్గర్ నొక్కడం వాళ్లకు కొత్త కాదు. కొత్తదంతా ట్రిగ్గర్ దాకా రాకముందే ఉంది.

కొనే ముందు చట్టం సంగతి. గుండు, మందు విడివిడిగా ముందువైపు నుంచి నింపే ఇలాంటి నకళ్లను అమెరికా ఫెడరల్ చట్టం ‘యాంటిక్’ కింద లెక్కేస్తుంది. మామూలు తుపాకీకి ఉండే నిబంధనలు చాలావరకు వీటికి వర్తించవు. కానీ రాష్ట్రాల దారి వేరు. మనవాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలో బ్లాక్ పౌడర్ చేతి తుపాకీ కొనాలన్నా పర్మిట్ కావాలి. హెచ్1బీ, ఎఫ్1 వీసాల మీద ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులు తప్పితే వాళ్ల దగ్గర మామూలు తుపాకీ ఉండటమే ఫెడరల్ నేరం. ఇదే రివాల్వర్‌కు తూటాలు పట్టే కన్వర్షన్ సిలిండర్ (సిలిండర్ అంటే గుండ్లు నింపే, తిరిగే దిమ్మ) బిగించారంటే అది చట్టం దృష్టిలో మామూలు తుపాకీ అయిపోతుంది. ముచ్చటపడి కొనే ముందు లాయర్‌కు ఇచ్చే ఫీజు దండగ కాదు. విమానంలో బ్లాక్ పౌడర్, క్యాప్‌లు చేతి సంచిలోనే కాదు, చెకిన్ బ్యాగులో కూడా పెట్టకూడదు. ఇక ఇండియాకు తీసుకెళ్లి బావమరిదికి చూపిద్దామన్న ఆలోచన అసలే వద్దు. 1959 నాటి ఆయుధాల చట్టం కింద అక్కడ పనిచేసే నాటు తుపాకీకి కూడా లైసెన్సు ఉండాల్సిందే.

మందు

బ్లాక్ పౌడర్ అంటే సూరేకారం 75 పాళ్లు, బొగ్గు 15, గంధకం 10. ఇందులో పొరపాటుకు తావే లేని నియమం ఒకటుంది. ఆధునిక తూటాల్లో వాడే స్మోక్‌లెస్ పౌడర్ ఒక్క పలుకు కూడా ఈ రివాల్వర్‌లో పడకూడదు. పడితే సిలిండర్ చేతిలోనే పేలిపోవచ్చు. ఇంట్లో రెండు రకాలూ ఉంటే రెండూ ఒకే బల్ల మీదకు రానివ్వకండి. మూత ఊడిన డబ్బా, లేబుల్ లేని డబ్బా, ఎవరో ‘మిగిలింది తీసుకో’ అని ఇచ్చిన డబ్బా, వీటిలో ఏదీ వాడొద్దు.

రివాల్వర్లకు సన్నపలుకు రకం వాడతారు, డబ్బా మీద మూడు ఎఫ్‌లు ఉంటాయి. కొలత గ్రెయిన్లలో ఉంటుంది. 30 గ్రెయిన్లంటే సుమారు 2 గ్రాములు. కొత్తవాళ్లు .44 రివాల్వర్‌కు (ఇది అంగుళాల్లో చెప్పే సైజు పేరు) 20 నుంచి 25 గ్రెయిన్లు, .36కు 15 నుంచి 20 దగ్గర మొదలుపెడితే చాలు. మీ తుపాకీతో వచ్చిన పుస్తకం ఇంకా తక్కువ చెబితే దాని మాటే చెల్లుతుంది. ఇత్తడి ఫ్రేము ఉన్నవి చవగ్గా దొరుకుతాయి, చూడటానికి బంగారంలా ఉంటాయి, కానీ ఎక్కువ మందుతో కాలుస్తూ పోతే ఫ్రేము సాగుతుంది. నన్నడిగితే మొదటి రివాల్వర్ ఉక్కు ఫ్రేముదే కొనమంటాను. పైరోడెక్స్, ట్రిపుల్ సెవెన్ లాంటి ప్రత్యామ్నాయాలు సులువుగా దొరుకుతాయి. వాటిని బరువు తూచకూడదు, బ్లాక్ పౌడర్ కొలపాత్రతోనే కొలవాలి. ట్రిపుల్ సెవెన్‌కు శక్తి ఎక్కువ కాబట్టి సుమారు 15 శాతం తగ్గించి పోయాలి.

ఫ్లాస్క్ (మందు ఉంచే సీసా) నుంచి నేరుగా ఛాంబర్‌లోకి (సిలిండర్‌లో మందు, గుండు పట్టే గూటిలోకి) మందు ఒంపే అలవాటు చాలామందికి ఉంది. వద్దు. ముందు కాల్చిన ఛాంబర్ అడుగున నిప్పు రవ్వ ఏదైనా మిగిలి ఉంటే, కొలపాత్రలోని రెండు గ్రాములు అంటుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. ఫ్లాస్క్ మొత్తం అంటుకుంటే చెయ్యే ఉండదు. మందు కొలపాత్రలోకి పోయండి, ఫ్లాస్క్ మూతపెట్టి పక్కన పెట్టండి, ఆ తర్వాతే ఛాంబర్‌లో పోయండి. చుట్టుపక్కల సిగరెట్ కనిపించకూడదని వేరే చెప్పక్కర్లేదు.

దట్టించడం

రేంజ్‌కు వెళ్లగానే మొదట చేయాల్సింది నూనె తుడవడం. ఛాంబర్లలో, నిపుల్ (ఛాంబర్ వెనక క్యాప్ కూర్చునే చిన్న ముక్కు) రంధ్రాల్లో నూనె ఉంటే మందు తడిసి పేలదు. పొడిగుడ్డతో తుడిచాక, మందు లేకుండా ప్రతి నిపుల్ మీదా ఒక్కో క్యాప్ పెట్టి కాల్చాలి. ఇక్కడో చిన్న కిటుకుంది. బ్యారెల్ కొసను టార్గెట్ వైపే ఉంచి, ఒక గడ్డిపరకకు దగ్గరగా పెట్టి క్యాప్ కొట్టండి. గడ్డి కదిలితే దారి శుభ్రంగా ఉన్నట్టు. కదలకపోతే ఆ నిపుల్ విప్పి చూడాల్సిందే. కాల్చిన క్యాప్‌లన్నీ తీసేసిన తర్వాతే మందు జోలికి వెళ్లాలి.

హ్యామర్‌ను (క్యాప్‌ను కొట్టే సుత్తిని) హాఫ్ కాక్‌లో, అంటే సగం వెనక్కి లాగి పెట్టండి. మందు పోసి, నూనె పట్టించిన ఫెల్ట్ (ఒత్తిన ఉన్ని) బిళ్ల పెట్టి, దాని మీద మెత్తటి సీసపు గుండు పెట్టి బ్యారెల్ కింద ఉండే లీవర్‌తో లోపలికి దించాలి. గుండు ఛాంబర్ కంటే కాస్త పెద్దదే ఉండాలి. .44కు .451 గానీ .454 గానీ, .36కు .375 వాడతారు, ఏది మీ తుపాకీదో పుస్తకంలో ఉంటుంది. గుండు దిగుతున్నప్పుడు ఛాంబర్ అంచు దాన్ని చెక్కి, సన్నటి సీసపు ఉంగరం బయటికి వస్తుంది. ఆ ఉంగరం చుట్టూ తెగకుండా పూర్తిగా వచ్చిందా లేదా చూడండి. సగమే వస్తే గుండు ఒకవైపు వదులుగా ఉందన్నమాట.

వదులైతే ఏమవుతుంది? ఒక ఛాంబర్ పేలినప్పుడు ఆ మంట పక్క ఛాంబర్‌కు పాకి, బ్యారెల్ ఎదురుగా లేని గుండు కూడా పేలుతుంది. దీన్నే చైన్ ఫైర్ అంటారు. మంట ముందు నుంచి గుండు పక్కగా దూరుతుందా, వెనక నుంచి వదులు క్యాప్ కింద దూరుతుందా అన్న వాదన బ్లాక్ పౌడర్ వాళ్ల మధ్య ఎప్పటికీ తెగదు. ఎవరిది నిజమైతే మనకేం, రెండు తలుపులూ మూస్తే సరి. ముందువైపు సరైన సైజు గుండు, కింద ఫెల్ట్ బిళ్ల లేదా పైన గ్రీజు. వెనకవైపు నిపుల్‌కు గట్టిగా పట్టే క్యాప్. 10 నంబరు, 11 నంబరు క్యాప్‌లు దొరుకుతాయి, ఏది బిగుతుగా కూర్చుంటుందో చూసుకుని అదే వాడండి.

గుండు మందును తాకి గట్టిగా కూర్చోవడం కూడా అంతే ముఖ్యం. మధ్యలో గాలి మిగిలితే ఒత్తిడి లెక్క తప్పి ఛాంబర్ దెబ్బతినే ప్రమాదం ఉంది. మందు తక్కువ వేసినప్పుడు లీవర్ అంత లోతుకు అందదు. అప్పుడు మందు మీద మొక్కజొన్న నూకో, క్రీమ్ ఆఫ్ వీట్ అని ఇక్కడ దొరికే గోధుమ రవ్వో పోసి ఖాళీ నింపుతారు. మన బొంబాయి రవ్వకు దగ్గర చుట్టమే. ఉప్మాకు తెచ్చిన ప్యాకెట్‌లో వేరే చెంచా పెట్టుకోండి.

దట్టిస్తున్నంతసేపు మొహం, వేళ్లు సిలిండర్ ముందుకు రానివ్వకండి. పక్కవాడితో కబుర్లు వద్దు. ఏ ఛాంబర్‌లో మందు పోశారో మర్చిపోతే ఒకదాంట్లో ఉత్త గుండే దిగుతుంది, ఇంకోదాంట్లో మందు రెండుసార్లు పడుతుంది. ఆరు ఛాంబర్లున్నా ఐదే నింపి, హ్యామర్‌ను ఖాళీదాని మీద దించడం మంచిది. రెమింగ్టన్‌కు ఛాంబర్ల మధ్య హ్యామర్ ఆనించే గంట్లు ఉంటాయి, అయినా కొత్తలో ఐదే నయం.

క్యాప్‌లు అన్నిటికన్నా చివర. ఫైరింగ్ లైన్ మీద నిలబడి, బ్యారెల్ టార్గెట్ వైపు ఉండగా మాత్రమే పెట్టాలి. సరిగా కూర్చోని క్యాప్‌ను చిన్న చెక్కపుల్లతో నెమ్మదిగా నొక్కండి, హ్యామర్‌తో తొయ్యొద్దు. క్యాప్‌లు పెట్టిన అదనపు సిలిండర్‌ను జేబులో వేసుకుని తిరగడం సినిమాల్లో బాగుంటుంది. అది జారి నిపుల్ మీద పడితే పేలుతుంది.

కాల్చేటప్పుడు

కళ్లద్దాలు, చెవులకు మఫ్స్ తప్పనిసరి. ఇక్కడ క్యాప్ తునకలు వెనక్కి కూడా ఎగురుతాయి. సిలిండర్‌కూ బ్యారెల్‌కూ మధ్య సందులోంచి మంట, సీసపు పొడి పక్కలకు చిమ్ముతాయి. అందుకని రెండో చేతిని పిడి దగ్గరే ఉంచాలి, రైఫిల్ పట్టినట్టు ముందు పట్టకూడదు. పక్కన నిలబడేవాళ్లు కూడా మీ భుజానికి వెనకగా ఉండాలి. పాలిస్టర్ చొక్కా కంటే నూలు చొక్కా మేలు.

ట్రిగ్గర్ నొక్కితే క్యాప్ టప్పుమని రివాల్వర్ పేలకపోతే టెన్షన్ పడి తిప్పి చూసుకోవద్దు. మందు నెమ్మదిగా అంటుకుని ఆలస్యంగా పేలవచ్చు. బ్యారెల్ టార్గెట్ వైపే ఉంచి కనీసం ఒక నిమిషం ఆగి, కొత్త క్యాప్ పెట్టి మళ్లీ కొట్టండి. అప్పటికీ పేలకపోతే రేంజ్ ఆఫీసర్‌ను పిలవండి. చప్పుడు నీరసంగా వచ్చి టార్గెట్ మీద రంధ్రం కనబడకపోతే అక్కడితో ఆపాలి. గుండు బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండవచ్చు, దాని వెనక ఇంకోటి కాల్చారంటే బ్యారెల్ ఉబ్బుతుంది. కోల్ట్‌లలో పగిలిన క్యాప్ తునక హ్యామర్ కిందకు జారి సిలిండర్ బిగుసుకోవడం మామూలే. బలం ఉపయోగించి తిప్పకండి, ఛాంబర్లు ఇంకా నిండి ఉన్నాయన్నది గుర్తుంచుకుని నిదానంగా తునక తీయండి.

ఇండోర్ రేంజ్‌లు చాలావరకు పొగ కారణంగా దీన్ని ఒప్పుకోవు, ముందే ఫోన్ చేసి అడగండి. ఔట్‌డోర్‌లో ఎండుగడ్డి భయం ఉంది. ఫెల్ట్ బిళ్ల రాజుకుంటూ గడ్డిలో పడితే మంట లేస్తుంది. మీ కౌంటీలో బర్న్ బ్యాన్ (ఆరుబయట నిప్పు పెట్టకూడదన్న ఆంక్ష) ఉంటే ఆ వారం ఇంట్లో కూర్చోండి. ఉన్నా లేకపోయినా బకెట్ నీళ్లు దగ్గర పెట్టుకోవాలి.

ఇంటికొచ్చాక

ఈ సరదా చాలామందికి పోయేది ఇక్కడే. బ్లాక్ పౌడర్ కాలాక మిగిలే మసిలో పొటాషియం లవణాలుంటాయి. అవి గాల్లో తేమను పీల్చుకుని ఇనుమును తినేస్తాయి. హ్యూస్టన్ లాంటి ఉక్కపోత ఊళ్లో మర్నాటికే ఎర్రటి తుప్పు కనబడుతుంది. కాబట్టి ఎంత రాత్రయినా అదే రోజు కడగాలి. దుకాణంలో అమ్మే ఆధునిక గన్ సాల్వెంట్ ఈ లవణాలను కరిగించదు. కరిగించేది నీళ్లే, సబ్బు కలిపిన వేడి నీళ్లు.

ముందు ఖాళీగా ఉందో లేదో ప్రతి ఛాంబర్‌నూ చూడండి. చెక్క పిడి విప్పి పక్కన పెట్టండి, దానికి నీళ్లు తగలకూడదు. సిలిండర్ తీసి, నిపుల్స్ వాటి రెంచితో విప్పి, అన్నీ బకెట్‌లో వేసి బ్రష్షుతో తోమాలి. కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, అది గంధకం మహిమ. ఈ పని వంటింటి సింక్‌లో చేయొద్దు. వాసన ఒక్కటే కాదు, ఆ నీళ్లలో సీసం ఉంటుంది. వేరే బకెట్, వేరే బ్రష్షు, చేతికి గ్లవ్స్. కాల్చి వచ్చిన చొక్కా పిల్లల బట్టలతో కలిపి ఉతకకండి. రేంజ్‌లో కూడా సబ్బుతో చేతులు కడగకుండా శాండ్‌విచ్ ముట్టుకోవద్దు.

నీళ్లు ఎంత వేడిగా ఉండాలన్నది పెద్ద విషయం కాదు, కడిగాక ఎంత బాగా ఆరబెట్టారన్నదే అసలు సంగతి. గుడ్డతో తుడిచి, హెయిర్ డ్రయర్‌తో మూలమూలలా వేడి గాలి పట్టించి, ఆ వేడి ఉండగానే బాలిస్టాల్ లాంటి నూనె పల్చగా రాయాలి. సిలిండర్ తిరిగే ఇరుసుకు గ్రీజు కావాలి. నిపుల్ మరలకు కొద్దిగా యాంటీసీజ్ (మరలు బిగుసుకోకుండా పూసే ముద్ద) పూయకపోతే తర్వాత విప్పేటప్పుడు మర అరుగుతుంది. యాక్షన్ (హ్యామర్, ట్రిగ్గర్ కదిలే యంత్రాంగం) లోపలి భాగాలు ప్రతిసారీ విప్పక్కర్లేదు, అప్పుడప్పుడు చాలు. విప్పినప్పుడు మాత్రం ఆ స్క్రూలకు సరిగ్గా పట్టే స్క్రూడ్రైవరే వాడండి, లేకపోతే గాడి చెడిపోతుంది.

మర్నాడు సాయంత్రం తెల్లగుడ్డ ముక్క ఒకటి బ్యారెల్‌లో దూర్చి తీయండి. గోధుమ రంగు మరక వచ్చిందంటే మళ్లీ సబ్బునీళ్లతోనే మొదలుపెట్టాలి, దాని మీద ఇంకాస్త నూనె పోసి సరిపెట్టుకోవద్దు. శుభ్రంగా వస్తే రివాల్వర్‌ను తాళం వేసిన పెట్టెలో, మందును కంపెనీ డబ్బాలోనే చల్లటి పొడి చోట, క్యాప్‌లను మందుకు దూరంగా వేరే అలమరాలో దాచండి. మళ్లీ ఓ నాలుగైదు రోజులకు ఇంకో గుడ్డముక్క దూర్చి చూడండి. నిపుల్ గూళ్లలో దాక్కున్న తడి అప్పుడే బయటపడుతుంది.