తెలిసిన ఇంగ్లీషు పదమే తికమక పెడుతుంటే: సమస్య - పరిష్కారం

తిరుపతిలో బ్యాంకు ఉద్యోగాలకో గ్రూప్స్‌కో చదివే పిల్లలను ఎక్కువగా ఏడిపించేవి కొత్త పదాలు అనుకుంటాం. తీరా చూస్తే చిన్నప్పటి నుంచి తెలిసిన పదాల దగ్గరే మార్కులు పోతుంటాయి. ఎక్కడ ఆగిపోతున్నారో చూసి, దానికి తగ్గ మందు వేసుకోండి.

సమస్య: ప్రతి పదమూ తెలుసు, వాక్యం మాత్రం అర్థం కాదు

'ద బోర్డ్ మెట్ టు అడ్రస్ ద ఇష్యూ.' బోర్డు అంటే పలక, అడ్రస్ అంటే చిరునామా, ఇష్యూ అంటే గొడవ అని నేర్చుకున్నవాళ్లకు ఈ వాక్యం ఎటూ పోదు.

కారణం: బడిలో ఒక పదానికి ఒకే అర్థం రాయించారు. అలాగని అన్నీ బట్టీ పట్టడమూ కుదరదు. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు 1989 నాటి రెండో కూర్పులో 'సెట్' అనే క్రియ ఒక్కదానికే 430 అర్థాలు ఇచ్చారు.

ఏం చేయాలి: అర్థాల జాబితా పక్కన పెట్టి, వాటిని కలిపే దారాన్ని వెతకండి. బోర్డు మొదట చెక్క పలక. ఆ చెక్కతో చేసిన బల్ల చుట్టూ కూర్చుని నిర్ణయాలు తీసుకునేవాళ్లూ బోర్డే అయ్యారు. మన టీటీడీ బోర్డులో ఉన్నది ఆ అర్థమే. బల్ల మీద వడ్డించే భోజనానికీ అదే పేరు వచ్చింది. పాత లాడ్జీల మీద కనిపించే 'బోర్డింగ్ అండ్ లాడ్జింగ్' అంటే భోజనం, వసతి. ఓడ పక్క చెక్కలనూ బోర్డు అన్నారు కాబట్టి ఓడ ఎక్కడానికీ 'బోర్డ్' అనే క్రియ వచ్చింది. రేణిగుంటలో విమానం ఎక్కేముందు చూపించే బోర్డింగ్ పాస్ అక్కడి నుంచి వచ్చిందే.

అడ్రస్‌కు మూలం ఒకవైపు నేరుగా తిరగడం. ఉత్తరం ఎటు పోవాలో చెప్పేది చిరునామా, సభ వైపు తిరిగి మాట్లాడితే ప్రసంగం, సమస్య వైపు తిరిగితే దాని సంగతి చూడటం. ఇష్యూ అంటే బయటికి రావడం: తిరుపతిలోని టీటీడీ వసతి సముదాయం శ్రీనివాసంలో ఇచ్చే దర్శనం టోకెన్లు, పత్రిక సంచిక, చర్చకు వచ్చిన అంశం. ఇప్పుడు పై వాక్యం మళ్లీ చదవండి. పాలకమండలి ఆ సమస్య సంగతి చూడటానికి సమావేశమైంది.

సమస్య: నామవాచకమో క్రియో తేలదు

కారణం: తెలుగులో ని, కు, తో పదం వెంటే ఉంటాయి, క్రియ చివర్లో వస్తుంది. పైగా ఇంగ్లీషు పదాన్ని తెచ్చుకున్నా 'చేయడం' తగిలిస్తాం: టికెట్ బుక్ చేశాం, పాట రికార్డ్ చేశాం. ఆ 'చేయడం' వినపడకపోతే మన చెవి దాన్ని వస్తువు పేరనే అనుకుంటుంది. ఇంగ్లీషులో పదం కూర్చున్న చోటే దాని పని చెబుతుంది.

ఏం చేయాలి: దానికి ముందున్న పదం చూడండి. ద, ఎ, మై ఉంటే రాబోయేది పేరు. విల్, కెన్, డోంట్ ఉంటే క్రియ. 'టు' దగ్గర మాత్రం జాగ్రత్త. 'ఐ గో టు వర్క్'లో వర్క్ పేరు, 'ఐ హ్యావ్ టు వర్క్'లో క్రియ. వర్క్ తీసేసి ఆఫీస్ పెట్టి చూడండి. వాక్యం నిలబడితే పేరే.

సెలవు అడిగేటప్పుడు ఇది బాగా అవసరం. 'ఐ వాంట్ లీవ్' అంటే సెలవు కావాలని. మధ్యలో 'టు' చేరిందా, వెళ్లిపోవాలనుకుంటున్నానని మేనేజరు అర్థం చేసుకుంటాడు.

భయపడాల్సిందేమీ లేదు. 'చెయ్యి కడుక్కో', 'పని చెయ్యి' అంటే మనింట్లో చిన్నపిల్లకీ తేడా తెలుసు. ఆ చూపే ఇంగ్లీషులోనూ అలవాటు కావాలి.

సమస్య: సరిగానే మాట్లాడినా ఎదుటివాళ్లు మళ్లీ అడుగుతారు

కారణం: పదంలో ఏ భాగాన్ని ఒత్తి పలకాలో తెలియకపోవడం. రికార్డ్, ప్రెజెంట్, పర్మిట్, అబ్జెక్ట్ పేర్లయితే మొదటి భాగం ఒత్తి పలకాలి, క్రియలైతే రెండోది. రిపోర్ట్, ఆన్సర్ లాంటివి మారవు. కొన్నిటిలో ఒత్తు కాదు, చివరి శబ్దం మారుతుంది: ఉపయోగం 'యూస్', ఉపయోగించడం 'యూజ్'. దగ్గర అనే అర్థంలో 'క్లోస్', మూయడమైతే 'క్లోజ్'. పైకి చదువుతూ నేర్చుకోండి; కంటితో చదివితే ఇది రాదు.

సమస్య: అమెరికా ఆఫీసు మెయిల్ తలకిందులుగా అర్థమైంది

కారణం: దేశాన్ని బట్టి అర్థం మారడం. మన పార్లమెంటులో బిల్లును 'టేబుల్' చేశారంటే సభ ముందు పెట్టారని. బ్రిటన్‌లోనూ అంతే. అమెరికాలో అదే మాటకు చర్చను పక్కన పెట్టడం అని అర్థం. ఇంటి నుంచి అమెరికా కంపెనీకి పనిచేసేవాళ్లు ఆ పదం కనిపిస్తే ఊహించుకోకండి. ఈ విషయం ఇప్పుడు చర్చిస్తున్నామా, తర్వాతా అని ఒక లైను రాసి అడిగేయండి.