యాకిమా నదిపై డ్రిఫ్ట్ బోటు ట్రిప్పు: ఎక్కడ తేడా కొడుతుంది, ఎలా సరిచేసుకోవాలి

వాషింగ్టన్ రాష్ట్రంలో సియాటిల్ నుంచి ఐ-90 హైవే మీద తూర్పుగా రెండు గంటలు వెళ్తే ఎలెన్స్‌బర్గ్ వస్తుంది. అక్కడి నుంచి 821 రోడ్డు పట్టుకుంటే, పక్కనే యాకిమా నది ఎండిన కొండల మధ్య మెలికలు తిరుగుతూ కనిపిస్తుంది. మా చుట్టుపక్కల తెలుగువాళ్లలో గాలం సరదా ఉన్నవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు ఇక్కడికి ట్రిప్పు వేసుకుంటారు. నేను ఏడేళ్లుగా వెళ్తున్నాను, నాలుగేళ్లుగా తెడ్లు కూడా వేస్తున్నాను. ట్రిప్పు పాడైన ప్రతిసారీ ఇబ్బంది నది మీద మధ్యాహ్నం బయటపడింది, కారణం మాత్రం వారం ముందు ఇంట్లో వేసుకున్న ప్లాన్‌లోనే ఉంది. అందుకే కనిపించే సమస్య దగ్గర మొదలుపెట్టి వెనక్కి వెళ్తూ రాస్తున్నాను.

ముందు బోటు గురించి ఒక మాట. డ్రిఫ్ట్ బోటు ఒరెగాన్‌లోని మెకెంజీ నది మీద రూపు దిద్దుకుంది. సుమారు 16 అడుగుల పొడవు, చదునైన అడుగు, పైకి లేచిన కొసలు. మధ్యలో ఒకరు తెడ్లు వేస్తారు, ముందొకరు, వెనకొకరు గాలం వేస్తారు. తెడ్లు వేసే మనిషి ప్రవాహం పోయే వైపే చూస్తూ కూర్చుని, బోటును వెనక్కి లాగుతూ వేగం తగ్గిస్తాడు. ముందుకు తీసుకెళ్లే పని నది చూసుకుంటుంది.

సమస్య: ఫొటోల్లో నది నిదానంగా ఉంది, మేం వెళ్లేసరికి ఉరకలేస్తోంది

దీనికి కారణం వర్షమని చాలామంది అనుకుంటారు. ఇక్కడ కారణం డ్యాములు. కీచెలస్, కాచెస్, క్లీ ఎలమ్ రిజర్వాయర్లలో కొండల మంచు కరిగిన నీళ్లు నిలవ చేస్తారు. వేసవిలో కింద యాకిమా లోయలోని యాపిల్ తోటలకు, బీరు తయారీలో వాడే హాప్స్ పొలాలకు ఆ నీళ్లు వదులుతారు. అంటే ఎండలు మండే జూలై, ఆగస్టుల్లోనే లోయలో నది నిండుగా పారుతుంది. మన కాలువలకు నీళ్లు వదిలే లెక్క తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది.

సెప్టెంబరు మొదట్లో ఒక్కసారిగా నీళ్లు తగ్గుతాయి. దీన్ని ఇక్కడ ఫ్లిప్ ఫ్లాప్ అంటారు. ఆ రోజుల్లో చినూక్ సాల్మన్ చేపలు ఎగువన గులకరాళ్లలో గుంటలు చేసి గుడ్లు పెడతాయి. నీళ్లు ఎక్కువగా ఉన్నప్పుడు గట్టు దగ్గర గుడ్లు పెడితే, చలికాలంలో నీళ్లు తగ్గగానే అవి ఎండిపోతాయి. అందుకని గుడ్లు పెట్టే సమయానికే ఎగువ యాకిమాలో నీళ్లు తగ్గించి, సాగునీటి అవసరాన్ని రిమ్‌రాక్ రిజర్వాయర్ నుంచి టైటన్, నాచెస్ నదుల మీదుగా తీరుస్తారు. 1980లో ఫెడరల్ కోర్టు ఇచ్చిన ఆదేశం తర్వాత మొదలైన పద్ధతి ఇది. ఒక చేప గుడ్ల కోసం రెండు నదుల నీటి లెక్క మార్చేస్తారని తెలిసిన రోజు నాకు ఈ నది మీద గౌరవం పెరిగింది.

పరిష్కారం: బయలుదేరే ముందు లోయలోని అమ్టానమ్ రేవు దగ్గరున్న గేజి (ప్రవాహాన్ని కొలిచే పరికరం) రీడింగు చూడండి. అమెరికా ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ యూఎస్‌జీఎస్ సైటులో రోజంతా అప్‌డేట్ అవుతుంది. అది క్యూసెక్కుల్లోనే ఉంటుంది, మనం పేపర్లో శ్రీశైలం, ధవళేశ్వరం గురించి చదివే క్యూసెక్కులే. కానీ ఒక నది అంకెను ఇంకో నదికి పెట్టి చూడకూడదు. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు వస్తే గానీ మొదటి ప్రమాద హెచ్చరిక ఇవ్వరు. అలా చూస్తే యాకిమాలో 4,000 అంటే ఏముందిలే అనిపిస్తుంది. ఇది చిన్న నది, రాయి గట్టిగా విసిరితే అవతలి గట్టున పడే వెడల్పు. వేసవి నీళ్లలో తెడ్డు ఒక్క క్షణం ఆపితే బోటు ఎక్కడికి పోతుందో చెప్పలేం.

నా లెక్క ఇది: తెడ్లు కొత్తగా పట్టిన మనిషికి 1,000 నుంచి 2,000 మధ్య. 3,500 దాటితే అనుభవం ఉన్నవాళ్లు ఉండాలి, లేదా గైడును పెట్టుకోవాలి. అంకె ఒక్కటే కాదు, మూడు రోజుల గ్రాఫు గీత కూడా చూడండి. నిలకడగా ఉంటే మంచిది. ఒక్కసారిగా పెరుగుతుంటే చేపలు కూడా కుదురుగా ఉండవు, తేదీ మార్చుకోండి.

సమస్య: బోటు మాట వినడం లేదు, బండల మీదికి, చెట్ల మీదికి పోతోంది

అన్నిటికంటే ఎక్కువ భయపెట్టేది ఇదే. అడ్డం కనబడగానే కొత్తవాళ్లు దాని పక్కనుంచి త్వరగా దాటేద్దామని ముందుకు తోస్తారు. అప్పుడు బోటు నది కంటే వేగంగా పోతుంది, తిప్పడానికి టైం ఉండదు. చేతుల్లో బలం ఉన్నవాళ్లే ఈ పొరపాటు ఎక్కువ చేస్తారని గమనించాను.

సరిచేసే పద్ధతి ఒకటే. బోటు ముక్కును అడ్డం వైపే ఏటవాలుగా తిప్పండి. ఇప్పుడు వెనక్కి లాగండి. బోటు నిదానిస్తూ, అడ్డానికి దూరంగా పక్కకు జరుగుతుంది. ప్రమాదం వైపు చూడు, దాన్నుంచి వెనక్కి లాగు, అంతే. ఇది యాభై గజాల ముందే మొదలవ్వాలి. కొత్తవాళ్లు నీళ్లు నిదానంగా ఉన్న చోట కనీసం ఒక గంట గాలం పక్కన పెట్టి ఇదే సాధన చేయాలి.

అప్పటికీ బోటు అడ్డంగా బండకు ఆనుకుంటే, అందరూ బండ వైపుకే ఒరగాలి. భయంతో మనిషి అవతలి వైపుకు జరుగుతాడు. ఆ అంచు కిందికి దిగి నీళ్లు లోపలికి వచ్చేస్తాయి. బండ కంటే ప్రమాదం నదిలో పడి ఉన్న చెట్టు. కొమ్మల మధ్య నుంచి నీళ్లు పోతాయి, మనిషి పోలేడు. దూరంగా ఉండండి, దాని దగ్గర చేప ఎగిరినా సరే.

లంగరు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. డ్రిఫ్ట్ బోటుకు లంగరు వెనక వైపు ఉంటుంది. ఉరవడి ఎక్కువున్న చోట వేస్తే వెనక కొస కిందికి లాగేసి బోటు నిండిపోతుంది. నెమ్మదిగా పారే లోతు తక్కువ చోట్లే వేయండి. తాడు చివర ముడి వేయకండి, వదిలేస్తే మొత్తం జారిపోవాలి. ఒక చాకు చేతికందే చోట ఉంచండి.

సమస్య: మధ్యాహ్నం నుంచి బోటు కదలడం లేదు

ఎలెన్స్‌బర్గ్ గాలి మామూలు గాలి కాదు. ఆ చుట్టూ కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. కొండల మధ్య ఎదురుగాలి లేచిందంటే, పైకి లేచిన ముక్కు తెరచాపలా గాలిని పట్టేస్తుంది. నది కిందికి, గాలి పైకి, మధ్యలో తెడ్లు వేసేవాడి భుజాలు.

ప్లాన్‌లో తప్పు ఏమిటంటే, ఇంటి నుంచి పొద్దున్నే ఏడింటికి బయలుదేరి, టిఫిన్లు కానిచ్చి, పదకొండింటికి బోటు దింపడం. వేసవిలో ఏడింటికల్లా బోటు నీళ్లలో ఉండాలి, రెండింటికల్లా బయటికి రావాలి. ముందు రోజు రాత్రే వచ్చి ఎలెన్స్‌బర్గ్‌లో పడుకోవడం నయం. ముందు రోజు గాలి అంచనా చూసుకుని, గట్టిగా వీస్తుందంటే ప్రయాణం సగానికి తగ్గించండి.

ఇప్పటికే గాలిలో ఇరుక్కుంటే, నీళ్లు తిన్నగా, అడ్డంకులు లేకుండా ఉన్న చోట మాత్రమే బోటును వెనక్కి తిప్పి, వెనక కొస కిందికి ఉండేలా లాగుతూ వెళ్లండి. తోయడం కంటే లాగడంలో బలం ఎక్కువ. మధ్యమధ్యలో తల తిప్పి చూస్తూ ఉండాలి.

సమస్య: దిగే రేవు దగ్గరికి వచ్చాం, బండి లేదు. లేదా తాళం లేదు

నది మనల్ని తెచ్చి ఒక చోట దింపుతుంది, కారూ ట్రెయిలరూ ఎక్కిన చోటే ఉండిపోతాయి. మా మొదటి ట్రిప్పులో రెండు కార్లు పెట్టుకున్నాం, కింద రేవు దగ్గరున్న కారు తాళం మాత్రం పైన వదిలేసిన కారులో ఉన్న జాకెట్ జేబులో ఉండిపోయింది. చీకటి పడింది, చలి మొదలైంది, పిల్లవాడు ఏడుస్తున్నాడు. ఆ లోయలో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. ఎవరో పుణ్యాత్ముడు పికప్ ట్రక్కులో ఎక్కించుకున్నాడు.

అప్పటి నుంచి బోటు రేవు వదిలే ముందు తెడ్లు వేసే మనిషి కింది కారు తాళం చేత్తో పట్టుకుని అందరికీ చూపించాలని నియమం పెట్టుకున్నాం. రెండో కారు లేకపోతే డబ్బు తీసుకుని మీ బండిని కింది రేవుకు చేర్చేవాళ్లు ఉంటారు. ముందు రోజే మాట్లాడుకోండి.

దూరం లెక్క కూడా ఇక్కడే తప్పుతుంది. చేపలు పడుతూ, ఆగుతూ వెళ్తే గంటకు మైలు, మైలున్నర అనుకోండి. బిగ్‌హార్న్, అమ్టానమ్, ల్మూమా క్రీక్, బిగ్ పైన్స్, రోజా: ఈ రేవుల పేర్లు మ్యాపు మీద వరసగా గుర్తుపెట్టుకుని, ఎక్కే చోటు, దిగే చోటు ముందే తేల్చుకోండి. రోజా ఆఖరి రేవు. దాని కింద రోజా డ్యామ్ ఉంది, ఆ రేవు దాటి పోకూడదు. ఏ రేవుకు పార్కింగు రుసుం ఉందో, దేనికి డిస్కవర్ పాస్ (రాష్ట్ర స్థలాల్లో బండి పెట్టుకునే అనుమతి) కావాలో కూడా ఇంట్లోనే చూసుకోవాలి.

సమస్య: ట్రౌట్‌లు కనిపిస్తున్నాయి, ఫ్లై మాత్రం ముట్టుకోవడం లేదు

ఇక్కడ ట్రౌట్ చేపల కోసం గాలానికి ఫ్లై, అంటే పురుగులా కనిపించే కృత్రిమ ఎర, కడతారు. చేప ముట్టకపోతే ఫ్లైలు మారుస్తూ పోతారు. ముందు చూడాల్సింది ఫ్లై నీళ్లతో పాటు పోతోందా, లైను లాగితే గీత గీస్తూ పోతోందా అన్నది. నిజమైన పురుగు ప్రవాహానికి అడ్డంగా ఈదుకుంటూ పోదు, చేపకు ఆ సంగతి తెలుసు. బోటుకు సూటిగా పక్కకు కాకుండా, ముందుకు ఏటవాలుగా విసరండి. బోటు, ఫ్లై ఒకే వేగంతో పోతే చాలా దూరం సహజంగా తేలుతుంది. ఇందులో సగం పని తెడ్లు వేసే మనిషిది: గట్టుకు దూరం మారకుండా, వేగం మారకుండా నడపాలి. చేప పడితే మొదటి మెచ్చుకోలు అతనికి.

వేసవి నిండు నీళ్లలో చేపలు గట్టుకు ఆనుకుని, గడ్డి కింద నిలబడతాయి. ఫ్లై గట్టుకు అడుగు దూరంలో పడాలి, నాలుగడుగులైతే లాభం లేదు. సెప్టెంబరులో నీళ్లు తగ్గాక అవి నది మధ్యకు వస్తాయి. అప్పుడు బోటు కట్టేసి దిగి నడుస్తూ వేయడమే బాగుంటుంది. దిగేటప్పుడు రాళ్ల సందుల్లో చూసి అడుగు వేయండి, ఈ లోయలో ర్యాటిల్ స్నేక్ అనే విషపాములు ఉంటాయి.

సమస్య: ఎనిమిది మంది వస్తామన్నారు, బోటు ఒకటే

ఒక బోటుకు ముగ్గురు, అంతే. నలుగురైదుగురు ఎక్కితే అది తిరగదు. మిగతావాళ్లను అమ్టానమ్ దగ్గర ఉంచితే వేలాడే వంతెన దాటి నడవచ్చు, మధ్యాహ్నం అక్కడే పులిహోర తింటూ కలుసుకోవచ్చు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసుకెళ్లాలనుకుంటే సెప్టెంబరు మంచిది. నీళ్లు నెమ్మదిస్తాయి, ఎండ తగ్గుతుంది. గాలం వేయకపోయినా ముందు సీట్లో కూర్చుని నదిని చూడటం వాళ్లకు చాలు. మా నాన్నగారు ఆ సీట్లో మూడు గంటలు మాట్లాడకుండా కూర్చున్నారు. దిగాక, ఇంకో పాయ ఏమైనా ఉందా అని అడిగారు.

లైఫ్ జాకెట్ అందరికీ ఉండాలి. వాషింగ్టన్‌లో ఇలాంటి చిన్న బోటు కదులుతున్నంతసేపూ 12 ఏళ్లు, అంతకంటే చిన్నవాళ్లు తొడుక్కునే ఉండాలని చట్టం. పెద్దవాళ్లు కూడా తొడుక్కోవాలని నేను పట్టుబడతాను. ఇది మంచు నీళ్ల నది, ఈత వచ్చినవాళ్లకు కూడా పడగానే ఊపిరి ఆగినట్టవుతుంది. మార్చి, ఏప్రిల్‌లో వెళ్తే జీన్స్, కాటన్ వద్దు. తడిస్తే ఆరవు.

సమస్య: మా బావమరిది ఐస్ బాక్సు తెచ్చాడు, పులుసు పెడదామంటున్నాడు

రోజా డ్యామ్‌కు ఎగువన యాకిమాలో ట్రౌట్‌ను పట్టి వదిలేయాలి. కొండికి, అంటే గాలం కొక్కేనికి, వెనక్కి తిరిగిన ముల్లు ఉండకూడదు, ఎలాంటి సహజ ఎరా వాడకూడదు. 15 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ లైసెన్సు కావాలి. ఇవి రేవు దగ్గర తెలిస్తే మొహాలు చిన్నబోతాయి, కాబట్టి పిలిచేటప్పుడే చెప్పండి. ట్రౌట్ పులుసే కావాలంటే ఏప్రిల్ నాలుగో శనివారం తెరుచుకునే సరస్సులున్నాయి, చేపలు ఇంటికి తెచ్చుకోవచ్చు.

ఇతర నదులకు వెళ్లేవాళ్లు ఇంకో రూలు చూసుకోవాలి. ఒరెగాన్‌లోని దిగువ డిషూట్స్‌లో బోటులో ఉండి గాలం వేయకూడదు, దిగి నిలబడాలి. మోంటానాలో మాడిసన్ మీద క్వేక్ లేక్ నుంచి లయన్స్ బ్రిడ్జి దాకా కూడా అంతే. బోటు బుక్ చేశాక ఇది తెలిస్తే మొత్తం ప్లాన్ తలకిందులవుతుంది.

వదిలేసే చేప బతకాలంటే చేతులు తడుపుకుని పట్టుకోండి, నీళ్లలోనే కొండి తీయండి, ఫొటో కోసం ఎత్తితే ఊపిరి బిగబట్టి లెక్కపెట్టినంత సేపే. ఒక చిన్న థర్మామీటరు దారానికి కట్టి తీసుకెళ్లండి. నీళ్లు 68 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే ట్రౌట్‌కు ఆక్సిజన్ సరిపోదు, పోరాడి అలిసిన చేప వదిలేసినా తేరుకోలేక చనిపోతుంది. ఆ అంకె కనబడగానే గాలాలు చుట్టేసి, మిగిలిన దూరం తెడ్లు వేసుకుంటూ వెళ్లిపోండి.