ఏటిగట్టు మీద ఎండాకాలం పరుగు

ట్రెయిల్ రన్నింగ్, అంటే మట్టిదారుల్లో పరుగు అనగానే కొండలుండాలి, అడవుండాలి, ఏ అరకో మారేడుమిల్లో పోవాలి అనుకుంటారు చాలామంది. మన గోదావరి డెల్టాలో కొండెక్కడిదండీ, కనుచూపుమేరా చదునే. మట్టిదారులకి మాత్రం కొదవ లేదు. ఏటిగట్లు, కాలవగట్లు, పుంతలు, డొంకలు, కొబ్బరితోటల్లో బాటలు, నది మధ్య లంకల్లో ఇసుకదారులు. గట్లు చాలాచోట్ల తారురోడ్లయిపోయిన మాట నిజమే, అయినా పక్కన కాలు మోపడానికి మట్టి మిగిలే ఉంటుంది. వీటన్నిటికీ అసలు సీజన్ ఎండాకాలమే, వినడానికి వెర్రిగా ఉన్నా సరే. వానల్లో ఇదే ఒండ్రుమట్టి బూట్లకి ముద్దలుగా అంటుకుని కాలు లేవనివ్వదు. దాళ్వా (రబీ వరి) కోతలైపోయాక నేల బిగిసిపోతుంది, మొన్నటిదాకా నీళ్లు నిలిచిన చోట కూడా కాలిబాట పడుతుంది.

ముందే ఒక సంగతి చెప్పేస్తాను, మిగతా సలహాలన్నీ దీంట్లోంచే వస్తాయి. ఇక్కడ మనిషిని పడగొట్టేది ఎండ కంటే ముందు ఉక్క. చెమట పట్టినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు, ఆ చెమట ఆరితేనే చల్లబడుతుంది. చుట్టూ నది, కాలవలు, చెరువులు, ఆ పక్కన సముద్రం, గాలి నిండా తేమ, చెమట ఆరేదెక్కడ? అందుకే రెంటచింతలలో ఫోన్ 43 చూపిస్తుంటే అయ్యో అనుకుంటాం గానీ అమలాపురంలో 37 దగ్గర పరిగెత్తడం తక్కువ కష్టమేమీ కాదు. ఇంకో విచిత్రం, తెల్లవారుజామున వేడి తక్కువగా ఉంటుంది కానీ తేమ ఎక్కువగా ఉండేది అప్పుడే. ఐదింటికి బయల్దేరి పావుగంటకే బనీను పిండుకునేలా తడిసిపోతే మీ ఒంట్లో ఏదో తేడా ఉందని టెన్షన్ పడకండి. అందరికీ అంతే.

కాబట్టి ఇక్కడ నీడ కంటే ముందు గాలిని వెతుక్కోవాలి. కొబ్బరితోట చూడగానే చల్లగా ఉంటుందనిపిస్తుంది, తీరా లోపలికి వెళ్తే ఆకు కదలదు, తడి మట్టిలోంచి ఆవిరి లేస్తూ ఉంటుంది. అదే సమయంలో ఏటిగట్టు ఎక్కితే ఎంతో కొంత గాలి ఆడుతుంది. చుట్టుపక్కల అన్నిటికంటే ఎత్తైనది ఆ గట్టే మరి, 1986 వరద చూశాక దాన్ని ఇంకా ఎత్తు పెంచారు. పొద్దెక్కాక లెక్క తిరగబడుతుంది, గట్టు మీద నీడ ఉండదు, అప్పుడు తోటే నయం. నేనైతే చీకటుండగానే గట్టెక్కి, ఎండ మొదలయ్యాక తోటల్లోంచి వెనక్కి వచ్చేలా దారి కలుపుకుంటాను.

గాలి దిశ కూడా చూసుకోవాలి. ఇది చాలామంది పట్టించుకోరు. గాలి మీ వెనకనుంచి, మీరు పరిగెత్తే వేగంతోనే వీస్తోందనుకోండి, మీ ఒంటికి తగిలే గాలి సున్నా. ఊపిరాడనట్టు ఉంటుంది, చెమట కారిపోతుందే తప్ప ఆరదు. అందుకని వెళ్లేటప్పుడు, ఒళ్లు ఇంకా చల్లగా ఉన్నప్పుడే, గాలివాలున వెళ్లండి. అలిసిపోయి వెనక్కి వచ్చేటప్పుడు ఎదురుగాలి తగలాలి. రోడ్డు మీద సమయం కోసం పరిగెత్తేవాళ్లు ఎదురుగాలిని తిట్టుకుంటారు, మే నెలలో గట్టు మీద అదే మనకి ఫ్యాను. ఎటు వీస్తోందో తెలియకపోతే తాటాకులు, కొబ్బరాకులు చూస్తే చాలు.

టైము విషయానికొస్తే, మన దేశం గడియారం పెట్టుకునే 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడకి దగ్గర్లోంచే పోతుంది. అంటే మనకి పన్నెండు కొడితే సూర్యుడు నిజంగానే నడినెత్తికి వచ్చినట్టు. ముంబైలో ఆరైతే గానీ పొద్దు పొడవట్లేదు కదా అని అక్కడి స్నేహితుడి టైంటేబుల్ ఇక్కడ వాడకండి. మే నెలాఖరుకి మనకి ఐదున్నరకే సూర్యోదయం అయిపోతుంది, ఏడు దాటితే వీపు చురుక్కుమంటుంది. నాలుగున్నర, నాలుగుముప్పావుకి బయల్దేరి ఏడు లోపు ఇంట్లో ఉండటం మంచిది. సాయంత్రం పరిగెత్తాలంటే సముద్రానికి దగ్గర ఊళ్లవాళ్లది అదృష్టం, రాజోలు, సఖినేటిపల్లి, ఓడలరేవు వైపు సముద్రపు గాలి అందుతుంది. రావులపాలెం పైకి వెళ్లేకొద్దీ సాయంత్రం నేల సెగ కక్కుతూనే ఉంటుంది, ఆరున్నర ముందు దిగకండి. రోహిణి కార్తెలో పడమటి వడగాలి వీచే రోజులుంటాయి, ఆ రోజుల్లో సాయంత్రం పరుగు మానేసి పడుకోండి, ఎవరూ పతకాలు ఇవ్వట్లేదు.

మొదటి రెండు వారాలు ఓపిక పట్టాలి. వేడికి ఒళ్లు అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. ఈలోగా రక్తంలో నీటి భాగం పెరుగుతుంది, చెమట త్వరగా మొదలవుతుంది, చెమటలో పోయే ఉప్పు తగ్గుతుంది, అదే వేగానికి గుండె తక్కువసార్లు కొట్టుకుంటుంది. ఇదంతా రోజూ కాస్తకాస్త వేడిలో తిరిగితేనే జరుగుతుంది, ఏసీలో కూర్చుంటే జరగదు. హైదరాబాద్ నుంచి సెలవులకి వచ్చిన మన బావమరుదులు, తమ్ముళ్లు బోల్తా కొట్టేది ఇక్కడే. అక్కడి పొడిగాలిలో పది కిలోమీటర్లు అలవోకగా కొట్టేవాళ్లు వచ్చిన మర్నాడే ఇక్కడా అదే వేగం పెడతారు, నాలుగో కిలోమీటరులో కల్వర్టు మీద కూలబడతారు. మొదటి వారం ఇరవై ముప్పై నిమిషాలు చాలు, పరుగులో నడక కలపండి. వాచీలో పేస్ (కిలోమీటరుకి ఎన్ని నిమిషాలో) చూడటం మానేయండి. పక్కన పరిగెత్తేవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే ఆ వేగం సరైనది, ఒక్కో మాటా విరిగిపోతుంటే తగ్గించాలి.

ఇక తాగడం. ఎంత తాగాలో తెలుసుకోవడానికి సులువైన పద్ధతి ఉంది. పరుగుకి ముందు, వచ్చాక తడిబట్టలు తీసేసి తూకం చూసుకోండి, తగ్గిన ప్రతి కేజీ ఇంచుమించు లీటరు నీళ్లు, మధ్యలో తాగింది దానికి కలుపుకోవాలి. ఈ ఉక్కలో గంటకి లీటరుకి పైగా పోవడం మామూలే. అలాగని కడుపు నిండా ఒట్టి నీళ్లు పోసుకుంటూ పోవడం కూడా ప్రమాదమే, రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతులు, మగత, ముదిరితే ఫిట్స్ దాకా వెళ్తుంది. గంటకి మించి పరిగెత్తేటప్పుడు నీళ్లతోపాటు ఉప్పు కూడా వెళ్లాలి. ఓఆర్ఎస్ ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, చెంచా ప్రతిసారీ తలకొట్టి కొలవాలి, అంచనాగా వేస్తే ఉప్పు ఎక్కువైపోతుంది.

కోనసీమలో ఉండి కొబ్బరిబోండం గురించి మాట్లాడకపోతే పాపం. బోండంలో పొటాషియం బాగా ఉంటుంది, సోడియం తక్కువ, మన చెమటలో పోయేది ఎక్కువగా సోడియం. అంచేత బోండం తాగితే అన్నీ భర్తీ అయిపోయాయనుకోకండి, ఇంట్లోంచి చిన్న పొట్లంలో ఉప్పు పట్టుకెళ్లి చిటికెడు వేసుకుని తాగండి, రుచి కూడా బాగానే ఉంటుంది. కిడ్నీ జబ్బు, బీపీ మందులు ఉన్నవాళ్లు ఈ ఉప్పులూ బోండాలూ డాక్టర్ని అడిగాకే. ఇంటికొచ్చాక ఉప్పేసిన పలచటి మజ్జిగకి మించింది లేదని నా అభిప్రాయం. తరవాణి (పులిసిన గంజినీళ్లు) పెట్టే ఇల్లు ఇంకా మీ ఊళ్లో ఉంటే ఆ ఇంటివాళ్లతో స్నేహం చేయండి. ఆ తర్వాత పెరుగు కలిపిన చద్దన్నం, పక్కన ఆవకాయ బద్ద. రన్నింగ్ పత్రికల్లో చెప్పే పిండిపదార్థం, ఉప్పు, నీరు అన్నీ అందులోనే ఉన్నాయి. ఏప్రిల్, మే నెలల్లో గట్ల పక్కన ముంజలు కొట్టి అమ్ముతుంటారు, లేతవి చూసి తినండి, ముదురువి తిని పరిగెత్తితే కడుపునొప్పి ఖాయం.

బట్టలు తేలికగా, వదులుగా. కాటన్ బనీను తడిసి బరువెక్కి తొడల దగ్గర, చంకల్లో ఒరుసుకుంటుంది, జారే పాలిస్టర్ టీషర్టు నయం. ఒరుసుకునేచోట కొబ్బరినూనె రాసుకోండి. తడిపిన తుండుగుడ్డ మెడకి చుట్టుకుని దారిలో బోరు కనిపించినప్పుడల్లా మళ్లీ తడుపుకోవాలి, ఖరీదైన కూలింగ్ సామాన్లేవీ దీనికి సాటిరావు. బూట్ల విషయంలో ఒకటే మాట, మన నేలకి లోతైన పళ్లున్న బూట్లు అక్కర్లేదు, మామూలు రోడ్డు బూట్లు చాలు. కోసిన చేలల్లోకి మాత్రం దిగొద్దు. వరి కొయ్యకాళ్లు మెష్ బూటులోంచి గుచ్చుకుంటాయి, నెర్రెల్లో మడమ ఇరుక్కుంటే నెలరోజులు మంచమే. సర్కారు తుమ్మ ఉన్న గట్ల మీద కింద చూసుకుని పరిగెత్తాలి, ఆ ముల్లు సోల్ లోంచి కూడా దిగుతుంది.

జంతువుల సంగతి. కుక్కలు వెంటపడితే పరుగు ఆపి నడవండి, రాయి తీసుకున్నట్టు వంగితే చాలావరకు వెనక్కి తగ్గుతాయి. పాములే అసలు విషయం. కోతలయ్యాక ఎలుకలన్నీ గట్ల బొరియల్లో చేరతాయి, వాటి వెనక తాచులు, రక్తపింజరులు వస్తాయి, కట్లపాము రాత్రి తిరుగుతుంది. చీకట్లో తలకి లైటు లేకుండా గట్టెక్కకండి. గడ్డిమేట్లు, కొబ్బరిమట్టల కుప్పలు దూకొద్దు. ఒకవేళ కాటు పడితే కోయడం, గట్టిగా కట్టడం, నాటుమందు ఏదీ వద్దు, కాలు కదపకుండా ఉంచి విషానికి ఇంజక్షన్ ఉన్న ఆసుపత్రికి బండి మీద వెళ్లడమే.

మనుషుల సంగతి సరదాగా ఉంటుంది. నిక్కరు వేసుకుని పొద్దున్నే గట్టు మీద పరిగెత్తేవాణ్ణి మనవాళ్లు ఊరికే వదలరు. "ఏవండీ, బస్సు తప్పిపోయిందా?" అంటారు, "ఎక్కండి, రేవు దగ్గర దింపేస్తాను" అని బండి ఆపేస్తారు. వద్దంటే నొచ్చుకుంటారు కూడా. "షుగరండీ, డాక్టరు పరిగెత్తమన్నాడు" అని చెప్పండి, వెంటనే గౌరవం పెరుగుతుంది, వాళ్ల షుగర్ లెక్కలు కూడా చెబుతారు. ధాన్యం ఆరబోసిన చోట మాత్రం దిగి పక్కనుంచి నడవండి. బూటుకాళ్లతో తొక్కితే తిట్లు తింటారు, ఆ తిట్టడం న్యాయమే.

కాలవలకి నీళ్లు కట్టేసే రోజులు డెల్టాకి కొత్తగా వచ్చినవాళ్లకి ఆశ్చర్యంగా ఉంటాయి. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయినప్పటినుంచి ఈ కాలవలే ఇక్కడి బతుకు, అలాంటిది రబీ నీళ్లు ఆపాక మరమ్మతుల కోసం అడుగు కనిపించేలా ఎండిపోతాయి. లొల్ల లాకుల (కాలవ నీళ్లని ఆపి వదిలే తలుపుల) దగ్గర గట్టు మీద పరిగెత్తుతుంటే ఆ లాకుల నిర్మాణం కింద దాకా కనపడుతుంది. ఎండిపోయింది కదా అని కాలవలోకి దిగి పరిగెత్తకండి, పైన పొరే గట్టిగా ఉంటుంది, కింద బురద, అందులో సీసాపెంకులు. గోదావరి ఇసుకతిన్నెలు ఇంకా ఊరిస్తాయి. పొద్దున ఆరు లోపు ఆ ఇసుక మీద చెప్పుల్లేకుండా పరిగెత్తితే పిక్కలకి అదో కొండెక్కిన పనే, ఎనిమిదికి అదే ఇసుక కాలుతుంది. పరుగయ్యాక చల్లగా ఉందని నదిలోకి మాత్రం దిగొద్దు. ఇసుక తవ్విన గుంటలు పైనుంచి కనపడవు, మోకాల్లోతు అనుకున్న చోట పక్క అడుగు నిలువులోతు ఉంటుంది. ఒడ్డున కూర్చుని చెంబుతో పోసుకోండి. అంతర్వేది వైపు బీచిలో అయితే సముద్రం వెనక్కి తగ్గినప్పుడు వెళ్తే తడి ఇసుక రోడ్డులా గట్టిగా ఉంటుంది, పోటు టైములో మెత్తటి ఇసుకలో కాళ్లీడుస్తూ తిరిగి రావాలి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఈ తేడా ఇంకా ఎక్కువ.

వడదెబ్బ గురించి గట్టిగా చెప్పాలి. ఎండలో ఒంటి మీద గగుర్పాటు, చలి పుట్టడం, తలతిరుగుడు, వాంతి వచ్చేలా ఉండటం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజుకి పరుగు అయిపోయింది, నీడకి వెళ్లి కూర్చోండి. పక్కవాడు తిక్కగా మాట్లాడుతున్నా, తూలుతున్నా, ఊరి పేరు అడిగితే తడబడుతున్నా అది ప్రాణం మీదకి వచ్చినట్టే. చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే అనుకోవద్దు, పరిగెత్తేవాళ్లకి వచ్చే వడదెబ్బలో చెమట ఆగకపోవచ్చు. 108కి ఫోన్ చేయించండి, అది వచ్చేలోపు ఊరుకోకండి. బోరు కింద కూర్చోబెట్టి మోటారు వేయండి, తొట్టి ఉంటే తల పైకి పట్టుకుని మెడ దాకా ముంచండి, ఏదీ లేకపోతే బిందెలతో పోస్తూ విసరండి. ముందు చల్లబరచడం, తర్వాతే తరలించడం. స్పృహ సరిగ్గా లేనివాడికి నోట్లో నీళ్లు పోయకండి. జ్వరం, విరేచనాలు, రాత్రి మద్యం, వీటిలో ఏదున్నా మర్నాడు పరుగు వద్దు. మోకాలు నొప్పని ముందుగా పెయిన్‌కిల్లర్ మింగి ఎండలో పరిగెత్తడం కిడ్నీలకి చేటు.

మే నెలలోనే ఒకటి రెండు గాలివానలు పడతాయి, మామిడికాయలన్నీ రాలిపోతాయి, మర్నాడు పొద్దున గట్టు మీద చల్లటి గాలికి పరుగు ఎంత బాగుంటుందో చెప్పలేను. కానీ ఉరుము వినపడగానే తాడిచెట్ల దగ్గరనుంచీ గట్టు మీదనుంచీ దిగిపోయి పక్కా ఇంట్లోకి వెళ్లాలి, చివరి ఉరుము విన్నాక అరగంట ఆగాలి. జూన్‌లో కాలవలకి నీళ్లు వదిలి, వానలు పట్టుకుని, నారుమళ్లు దున్నడం మొదలయ్యాక పుంతలన్నీ ట్రాక్టర్ల గాళ్లతో పాడైపోతాయి. అప్పుడిక తారురోడ్డే, లేదంటే లంకల వైపు ఇసుకనేల. అక్కడ నీళ్లు త్వరగా ఇంకిపోతాయి, వరద వచ్చేదాకా పరిగెత్తుకోవచ్చు.